ఎకరానికి మూడు గ్యాలన్లు

(నవంబరు 6న ఒక డిగ్రీ కళాశాల విద్యార్థుల ముందు, రిటైరైన వ్యవసాయాధికారి ఒకరు చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో విద్యార్థులు అడిగిన రెండు ప్రశ్నలు కూడా ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు పరిచయం చేస్తూ నన్ను పర్యావరణవేత్త అన్నారు. అంత పెద్ద మాట వద్దండీ. ముప్పై ఏళ్లు వ్యవసాయ శాఖలో పనిచేసి ఇంటికొచ్చిన మనిషిని నేను. ఏ మందు ఎంత కొట్టాలి, ఎప్పుడు కొట్టకూడదు, గాలి ఎటు వీస్తోంది చూసుకున్నావా లేదా, ఇదే రైతులకు చెప్పుకుంటూ బతికాను.

ఈ రోజు నవంబరు 6. యుద్ధాల్లో ప్రకృతిని నాశనం చేయడాన్ని ఆపాలని గుర్తుచేసుకునే రోజుగా 2001లో ఐక్యరాజ్య సమితి దీన్ని ప్రకటించింది. మీ బోటనీ మేడమ్ ఫోన్ చేసి మాట్లాడమంటే, యుద్ధం గురించి నాకేం తెలుసమ్మా అని తప్పించుకోబోయాను. తర్వాత రాత్రి కూర్చుని ఆలోచిస్తే, ఒక్క వియత్నాం యుద్ధం గురించి మాత్రం మాట్లాడొచ్చు అనిపించింది. ఎందుకంటే ఆ యుద్ధంలో వాడిన ఆయుధంలో సగభాగం మా ఆఫీసు గోడౌన్లో ఉండేది. నేనే రైతులకు రాసిచ్చేవాణ్ణి.

ముందు పత్తి కథ చెప్తాను. చాలా ఏళ్ల కిందటి మాట. ఒక రైతు పత్తి కొమ్మ విరుచుకుని ఆఫీసుకొచ్చాడు. ఆకు చూస్తే పత్తి ఆకులా లేదు. బెండాకులా సన్నగా చీలిపోయి, కొనలు మెలిదిరిగి, ఈనెలన్నీ ఒకదానికొకటి దగ్గరకొచ్చేశాయి. "సార్, కొత్త వైరస్సా?" అన్నాడు. "పంపు ఎవరిది?" అన్నాను. "మా బామ్మర్దిది. మొన్ననే వరిలో కలుపుకి కొట్టాడు." "కడిగావా?" "నీళ్లు పోసి తొలిచానండీ." ఇంకేం అడగలేదు నేను. టూ ఫోర్ డీ అనే కలుపు మందు కొట్టిన పంపు అది. మామూలు నీళ్లతో ఒకసారి తొలిస్తే పోదు. అడుగున మిగిలిన తడికే రెండెకరాల పత్తి అలా అయిపోయింది. తర్వాత వారం రోజులు బావా బామ్మర్దులు మాట్లాడుకోలేదనుకోండి, అది వేరే సంగతి. (నవ్వులు)

మీలో వ్యవసాయ కుటుంబాల పిల్లలు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అయితే మీకు తెలిసే ఉంటుంది. వరిలో, మొక్కజొన్నలో, చెరకులో వెడల్పాకు కలుపుకి టూ ఫోర్ డీ వాడతాం. మొక్కలో పెరుగుదలను నడిపే ఆక్సిన్ అనే హార్మోను ఉంటుంది కదా, దానికి ఇది నకిలీ. మొక్కని మాడ్చి చంపదు. అడ్డూ అదుపూ లేకుండా పెంచి చంపుతుంది. కాడ మెలితిరుగుతుంది, ఆకు వికారంగా మారుతుంది, లోపలి గొట్టాలు పగిలిపోతాయి. కానీ గడ్డిజాతి మొక్కల్ని పెద్దగా ఏమీ చేయదు. వరి, జొన్న, మొక్కజొన్న, వెదురు, ఇవన్నీ గడ్డి కుటుంబమే. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో అవసరమవుతుంది.

ఇప్పుడు వియత్నాం. ఉత్తరాన కమ్యూనిస్టు ప్రభుత్వం, దక్షిణాన అమెరికా అండ ఉన్న ప్రభుత్వం. దక్షిణాన అడవుల్లో గెరిల్లాలు. పైనుంచి చూస్తే అమెరికా విమానాలకు ఆకులు తప్ప ఏమీ కనపడదు. అందుకని ఆకులే తీసేద్దాం అనుకున్నారు. 1961 ఆగస్టు 10న మొదటిసారి మందు చల్లి చూశారు. 1962 నుంచి 1971 దాకా పద్ధతిగా సాగించారు. ఆ ఆపరేషన్‌కి పెట్టిన పేరు రాంచ్ హ్యాండ్. అంటే మన భాషలో పాలేరు. (నవ్వులు) నవ్వొస్తుంది కానీ, వాళ్ల దృష్టిలో అది పొలం పనే. అమెరికాలో అడవి మంటల గురించి జాగ్రత్త చెప్పే ఎలుగుబంటి బొమ్మ ఒకటి ఉంది, "అడవి మంటల్ని ఆపగలిగేది మీరే" అంటుంది. దాన్ని వెక్కిరిస్తూ ఈ పైలట్లు "అడవుల్ని ఆపగలిగేది మేమే" అని బోర్డు పెట్టుకున్నారు.

మందు 55 గ్యాలన్ల డ్రమ్ముల్లో వచ్చేది. ఏ డ్రమ్ములో ఏముందో తెలియడానికి నడుముకి రంగు చార వేసేవాళ్లు. ఊదా, గులాబీ, ఆకుపచ్చ, తెలుపు, నీలం, నారింజ. అన్నిటికన్నా ఎక్కువ వాడింది నారింజ చార మందు. ఏజెంట్ ఆరెంజ్ అని మీరు విన్నది దీన్నే. మందు రంగు నారింజ కాదు, డ్రమ్ము మీది చారే నారింజ. వియత్నాం జనం మాత్రం ఈ రోజుకీ దాన్ని నారింజ రంగు విషం అనే పిలుస్తారు.

అందులో సగం టూ ఫోర్ డీ. మిగతా సగం టూ ఫోర్ ఫైవ్ టీ అని దాని అన్నగారు. చెట్లనీ, మొద్దు కాండం ఉన్న పొదల్నీ చంపడానికి అది. ఇక మోతాదు. ఇక్కడే నాకు చెయ్యి వణుకుతుంది. మనం వరిలో ఎకరానికి అర కిలో కూడా మించని అసలు మందుని రెండు వందల లీటర్ల నీళ్లలో కలిపి కొట్టమంటాం. వాళ్లు ఎకరానికి మూడు గ్యాలన్లు కొట్టారు. అంటే పదకొండు లీటర్ల పైచిలుకు. చుక్క నీళ్లు కలపకుండా. లెక్క కడితే అసలు మందు ఎకరానికి పది కిలోలకు పైనే. విమానంలో వెయ్యి గ్యాలన్ల ట్యాంకు. చెట్ల మీద నూట యాభై అడుగుల ఎత్తులో ఎగురుతూ, నాలుగు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. మూడు వందల ఎకరాలకు పైగా అడవి అయిపోయినట్టే. చీరాల నేతగాడు చీర పరిచినట్టు ఎనభై మీటర్ల వెడల్పు పట్టీ, పదిహేను కిలోమీటర్ల పొడవు. ఆ పక్కనే ఇంకోటి. అలా పదేళ్లు. మొత్తం చల్లిన మందులు ఏడు కోట్ల లీటర్ల పైన. దక్షిణ వియత్నాం నేలలో సుమారు పదో వంతు మీద పడ్డాయి.

మా డిపార్టుమెంట్‌లో ఒక లీటరు ఎక్కువ ఖర్చు రాస్తే ఆడిట్‌వాళ్లు ప్రాణం తీసేవాళ్లు.

ఇందాక గడ్డి సంగతి గుర్తు పెట్టుకోమన్నాను. వాళ్లకి అడవితో పాటు వరి కూడా చావాలి, గెరిల్లాలకు తిండి అందకూడదు కాబట్టి. కానీ వరి గడ్డిజాతి, నారింజ మందుకి లొంగదు. అందుకని నీలం చార డ్రమ్ము తెచ్చారు. అందులో ఉన్నది కాకోడిలిక్ ఆమ్లం. ఆర్సెనిక్ ఉన్న పదార్థం. అది మొక్కలోని తడి లాగేసి ఎండబెడుతుంది. వరి చేల మీద, ముఖ్యంగా కొండల్లో పోడు చేసుకునే జాతుల పొలాల మీద చల్లారు. ఆ పోయిన పంట ఎవరిది, గెరిల్లాదా, పండించినవాడి పిల్లలదా? 1967లో అమెరికా సైన్యం కోసం పనిచేసే రాండ్ సంస్థే అధ్యయనం చేసి, దెబ్బ తగులుతున్నది మామూలు జనానికి, గెరిల్లాలకు కాదు అని రాసిచ్చింది. తుపాకీ ఉన్నవాడు ఎక్కడో ఒక చోట అన్నం సంపాదించుకుంటాడు. ఆకలి మిగిలేది పొలం ఉన్నవాడికే. అయినా చల్లడం ఆగలేదు.

ఇక ఆకు రాలిన అడవి ఏమైంది? ఒక్కసారి చల్లితే కొన్ని చెట్లు మళ్లీ చిగురిస్తాయి. రెండోసారి, మూడోసారి చల్లితే చెట్టు నిలువునా ఎండిపోతుంది. అప్పుడు నేల మీదికి ఎండ దిగుతుంది. ఆ ఎండలో ఏం మొలుస్తుంది? ఆ మందుకి చావని జాతులే మొలుస్తాయి. గడ్డి, వెదురు. మనిషి ఎత్తు గడ్డి కమ్మేసింది. ఎండాకాలం వస్తే గడ్డి అంటుకుంటుంది. మంటకి గడ్డి పైభాగం పోతుంది, వేరు బతికే ఉంటుంది. చెట్టు మొలకలు మాత్రం మాడిపోతాయి. మరుసటి ఏడు మళ్లీ గడ్డే. మందు పని అయిపోయాక కూడా అడవి తిరిగి రాకుండా ఆ గడ్డే కాపలా కాసింది. ఆ గడ్డికి అక్కడి జనం అమెరికా గడ్డి అని పేరు పెట్టారు. మనం వయ్యారిభామని కాంగ్రెస్ గడ్డి అనలేదూ, అలాగే. రైతు ఎవరిని తిట్టాలో వాళ్ల పేరు కలుపు మొక్కకి పెట్టేస్తాడు. (నవ్వులు)

అడవి ఇలా పోతే, మడ అడవి ఇంకో రకంగా పోయింది. మీరు కోరింగ చూశారా? కాకినాడ పక్కన. చూడకపోతే ఈ సెలవుల్లో వెళ్లండి. అక్కడ పొన్న చెట్లు వేళ్ల మీద నిలబడి ఉంటాయి, నీళ్లలో కాళ్లు దించి నుంచున్నట్టు. దాని గింజ చెట్టు మీదే మొలకెత్తి, ములక్కాడలా వేలాడి, బురదలో నిలువుగా పడి పాతుకుంటుంది. సైగాన్ నగరానికి దగ్గర్లో, కాన్ జో అనే చోట ఇదే జాతి అడవి ఉండేది. నౌకలు నగరానికి వెళ్లే దారి దాని మధ్యగా పోతుంది. గెరిల్లాలు అందులో దాక్కుని నౌకల్ని కొడుతున్నారని దాని మీద మందు పోశారు. మామూలు అడవికి రెండు మూడు సార్లు కావాలి. మడ చెట్టు ఒక్క దెబ్బకే పోతుంది. పోయాక మళ్లీ మొలవడానికి తల్లి చెట్టే లేదు, ములక్కాడ ఎక్కడిది? దక్షిణ వియత్నాం మడ అడవుల్లో మూడో వంతుకు పైగా ఇలా పోయిందని 1974లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తేల్చింది. మడ పోతే రొయ్య పోతుంది, పీత పోతుంది, వంట చెరుకు పోతుంది, గాలివానకి ఉన్న అడ్డు పోతుంది. ఉప్పెన ఎలా ఉంటుందో దివిసీమ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. ఆర్థర్ గాల్‌స్టన్. మన జాతివాడే, వృక్షశాస్త్రం చదువుకున్నవాడు. 1943లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశాడు. సోయా చిక్కుడు త్వరగా పూతకి రావాలని ఒక రసాయనం మీద పనిచేశాడు. మోతాదు తక్కువైతే పూత త్వరగా వస్తుంది, ఎక్కువైతే ఆకులు రాలిపోతాయి అని అందులో రాశాడు. ఆ రెండో వాక్యాన్ని సైన్యం పరిశోధకులు పట్టుకున్నారు. ఆకు రాల్చే మందుల కోసం వాళ్లు చేసిన వెతుకులాటకి అది ఒక మెట్టు అయింది. ఈ సంగతి తర్వాత తెలిసి ఆయన ఊరుకోలేదు. తోటి శాస్త్రవేత్తలను కూడగట్టి ఏళ్ల తరబడి ప్రభుత్వంతో పోట్లాడాడు. జీనోసైడ్, అంటే ఒక జాతినే తుడిచిపెట్టడం, అనే మాట ఉంది కదా, దాన్ని చూసి 1970లో ప్రకృతిని తుడిచిపెట్టడం అనే అర్థంలో ఎకోసైడ్ అనే మాట పుట్టించింది ఆయనే. 1969లో టూ ఫోర్ ఫైవ్ టీ వల్ల ఎలుకల పిల్లలు అవకరాలతో పుడుతున్నాయని ప్రయోగాల్లో బయటపడింది. 1970లో నారింజ మందు వాడకం ఆగింది. నాకు ఈయన కథ ఎందుకు ఇష్టమంటే, నేనేం తప్పు చేశాను, సోయా గురించి రాశాను అంతే కదా అని కూర్చోవచ్చు ఆయన. కూర్చోలేదు.

మీరు అడగొచ్చు, సార్, టూ ఫోర్ డీ అంత విషమైతే మనం ఇప్పటికీ ఎందుకు వాడుతున్నాం అని. మంచి ప్రశ్నే. అసలు దొంగ టూ ఫోర్ డీ కాదు. దాని అన్నగారు టూ ఫోర్ ఫైవ్ టీ తయారీలో, వేడి ఎక్కువైనప్పుడు, అడగని అతిథి ఒకటి పుడుతుంది. దాని పేరు డయాక్సిన్. అందులో కూడా టీసీడీడీ అనే రకం. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా ప్రకటించింది. యుద్ధానికి డ్రమ్ములు త్వరగా కావాలి, ఫ్యాక్టరీలు వేడి పెంచి త్వరత్వరగా వండాయి, డయాక్సిన్ పెరిగింది. 1976లో ఇటలీలో సెవెసో అనే ఊరి దగ్గర ఇదే కుటుంబానికి చెందిన రసాయనం చేసే ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి ఊళ్ల మీద పడింది కూడా ఇదే డయాక్సిన్.

ఇప్పుడు నేను చెప్పడానికి వచ్చిన అసలు సంగతికి వస్తున్నాను. కాస్త నెమ్మదిగా వినండి.

యుద్ధం అయిపోయి ఇరవై ఏళ్లు గడిచాక, 1990ల్లో, కెనడా నుంచి హాట్‌ఫీల్డ్ అనే సంస్థ శాస్త్రవేత్తలు, వియత్నాం శాస్త్రవేత్తలు కలిసి ఆ లూవోయి అనే కొండ లోయకి వెళ్లారు. మందు ఎంతో చల్లిన లోయ అది. మట్టి తీశారు, చేపలు తీశారు, బాతుల కొవ్వు తీశారు, మనుషుల రక్తం, తల్లిపాలు పరీక్షించారు. లోయంతా విషం ఉంటుందనుకుని వెళ్లారు. చల్లిన కొండల మీద మట్టిలో డయాక్సిన్ చాలా తక్కువగా ఉంది. ఎందుకంటే ఆకు మీద పడ్డ డయాక్సిన్‌ని ఎండ విరగ్గొడుతుంది, మిగిలింది వానకి కొట్టుకుపోతుంది. మరి ఎక్కువ ఎక్కడ ఉంది? లోయలో ఆ సో అని ఒక చిన్న అమెరికన్ స్థావరం ఉండేది. డ్రమ్ములు దింపి, నిలవ చేసి, వాడిన చోటు. అక్కడ ఉంది.

అలా చూసుకుంటూ పోతే దానాంగ్ విమానాశ్రయం, బియెన్ హోవా విమానాశ్రయం, ఫూ కాట్. అన్నీ స్థావరాలే. డ్రమ్ములు పేర్చిన చోటు, విమానంలోకి మందు ఎక్కించిన చోటు, ట్యాంకు కడిగి నీళ్లు వదిలిన చోటు. యుద్ధం జరిగిన చోటు కాదు, యుద్ధానికి సరంజామా దాచిన చోటు. కారిన డ్రమ్ము కారింది. కాంక్రీటు అంచు నుంచి మట్టిలోకి, మట్టి నుంచి కాలవలోకి, కాలవ నుంచి చెరువు అడుగు బురదలోకి. డయాక్సిన్ నీళ్లలో కరగదు. బురదని పట్టుకుంటుంది, కొవ్వుని పట్టుకుంటుంది. నేల లోపలికి, చెరువు బురదలోకి దిగితే సగానికి తగ్గడానికే పాతికేళ్ల నుంచి వందేళ్ల దాకా పడుతుంది. బురద తినే చేప, చేప తినే మనిషి, ఆ మనిషి తల్లి అయితే బిడ్డ. దానాంగ్ విమానాశ్రయం లోపల తామరల చెరువు ఒకటి ఉంది. 2007 దాకా అందులో చేపలు పట్టి అమ్ముకున్నారు, తిన్నారు. ఆ మట్టిలో డయాక్సిన్ అనుమతించే హద్దుకి వందల రెట్లు ఉందని తర్వాత తేలింది.

ఇంకా ఖాళీ డ్రమ్ముల సంగతి. పల్లెటూళ్లో ఖాళీ డ్రమ్ము ఎవడైనా పారేస్తాడా? మన ఇళ్లలో పురుగుమందు డబ్బాలతో నీళ్లు తోడుకోవద్దని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. అక్కడా అంతే. నారింజ చార డ్రమ్ముల్ని తెచ్చుకుని కడిగి నీళ్లు పట్టుకున్నారు. కడిగావా అని అడిగితే, కడిగాం అనే అంటారు.

నా పత్తి రైతుకీ వీళ్లకీ తేడా చూడండి. అతనికి ఆకు ముడుచుకుంటే మూడో రోజుకే తెలిసింది, పంపు ఎవరిదో తెలిసింది, ఎవరితో తగాదా పడాలో తెలిసింది. వీళ్లకు ముప్పై ఏళ్ల దాకా చెరువులో ఏముందో ఎవరూ చెప్పలేదు.

తగాదా పడదామన్నా ఎవరితో పడాలి? అమెరికా సైనికులు మందు తయారు చేసిన కంపెనీల మీద కేసు వేస్తే 1984లో 18 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. 1991లో చట్టం వచ్చింది. ఫలానా జబ్బులొస్తే మందు వల్లే అనుకుంటాం, రుజువు చేయక్కర్లేదు, డబ్బు ఇస్తాం అని. మధుమేహం, ప్రోస్టేట్ క్యాన్సర్, పార్కిన్సన్స్, ఆ జాబితా పెరుగుతూ వచ్చింది. సైనికుల పిల్లలకు వెన్నెముక అవకరం ఉంటే వాళ్లకి కూడా ఇస్తారు. చాలా మంచి పని. అదే మందు కింద నిలబడ్డ వియత్నాం వాళ్లు అమెరికా కోర్టుకి వెళ్తే 2005లో కొట్టేశారు. అప్పటి అంతర్జాతీయ చట్టం ప్రకారం కలుపు మందు విషాయుధం కాదట. 2009లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. ట్రాన్ టో ఙా అనే ఆవిడ, యుద్ధకాలంలో విలేఖరి, ఫ్రాన్స్‌లో 14 కంపెనీల మీద కేసు వేసింది. 2021లో ఓడింది, 2024లో అప్పీలు కూడా ఓడింది. అప్పటికి ఆవిడ వయసు ఎనభై దాటింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఏ బిడ్డ అవకరం ఈ మందు వల్ల వచ్చింది, ఏది వేరే కారణం వల్ల వచ్చింది అని ఒక్కో కేసులో తేల్చడం కష్టం. ఆ కష్టాన్ని నేను కాదనను. సైగాన్‌లోని తూ జూ ఆసుపత్రిలో ప్రసూతి వైద్యురాలు ఙుయెన్ థి ఙోక్ ఫుయాంగ్ గారు దశాబ్దాల పాటు ఆ పిల్లలను పోగుచేసి, లెక్కలు రాసి, ప్రపంచానికి చూపించారు. 2024లో ఆవిడకి మెగసెసే అవార్డు వచ్చింది. మందు చల్లిన ఊళ్లలో కనీసం 21 లక్షల మంది, బహుశా 48 లక్షల దాకా ఉండి ఉంటారని 2003లో అమెరికా పరిశోధకులే లెక్క కట్టారు. నన్ను కలిచేది ఒక్కటే. అమెరికా సైనికుడికి రుజువు అక్కర్లేదు. వియత్నాం తల్లికి ఎంత రుజువు తెచ్చినా చాలదు.

శుభ్రం చేయడం మొదలైంది 2012లో, దానాంగ్‌లో. మొదటి చుక్క పడ్డ యాభై ఏళ్లకి. ఎలా చేశారో వింటే మీరు నమ్మరు. మట్టి తవ్వి తెచ్చి, పెద్ద కాంక్రీటు పెట్టెలో పోసి, వెయ్యికి పైగా హీటింగ్ రాడ్లు గుచ్చి, 335 డిగ్రీల దాకా కాల్చారు. వారాల తరబడి. కుమ్మరి ఆవం పెట్టినట్టు. తొంభై వేల ఘనపు మీటర్ల మట్టి. 2018కి అయింది. పది కోట్ల డాలర్లు దాటింది ఖర్చు, అమెరికా ప్రభుత్వమే ఎక్కువ పెట్టింది. బియెన్ హోవాలో మట్టి దానికి ఐదు రెట్లు, ఐదు లక్షల ఘనపు మీటర్లు. 2019లో మొదలుపెట్టారు, పదేళ్ల పని. 2025 మొదట్లో వాషింగ్టన్‌లో కొత్త ప్రభుత్వం విదేశీ సాయం మొత్తం ఆపేసినప్పుడు ఈ పని కూడా ఒక్కసారిగా ఆగింది. తవ్విన గోతులు తెరిచి ఉన్నాయి. వానాకాలం ముంచుకొస్తోంది. పక్కన పెద్ద నగరం, నది. కొన్ని వారాల తర్వాత మళ్లీ అనుమతిచ్చారు. ఒక రాజధానిలో సంతకం ఆగితే ఇంకో దేశంలో గొయ్యి మీద టార్పాలిన్ కప్పుకుని కూర్చోవాలి.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1972లో స్టాక్‌హోమ్‌లో పర్యావరణం మీద మొదటి పెద్ద సభ జరిగింది. ఆతిథ్యమిచ్చిన స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పామె ఈ ఎకోసైడ్ మాటని అక్కడ ఎత్తాడు, అమెరికాకి కోపం వచ్చింది. ఆ సభకి బయటి దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క ప్రధాని మన ఇందిరా గాంధీ. తర్వాత 1977లో, యుద్ధంలో పాటించాల్సిన నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకి అదనపు ప్రోటోకాల్ వచ్చింది. ప్రకృతికి విస్తారమైన, దీర్ఘకాలిక, తీవ్రమైన నష్టం చేసే యుద్ధ పద్ధతులు వాడకూడదు అని. మూడూ ఉండాలి, విస్తారం, దీర్ఘకాలం, తీవ్రం. రెండు ఉండి ఒకటి లేకపోతే లెక్కలోకి రాదు. అమెరికా దాన్ని ఆమోదించలేదు. మనమూ అందులో చేరలేదు. ఇంతకంటే ఎక్కువ చట్టం నాకు తెలియదు, మీలో ఎవరైనా లా చదివితే నాకు చెప్పండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మన వికారాబాద్ దామగుండం అడవిలో నేవీ రాడార్ కడుతున్నారు కదా. అది కూడా ఇలాంటిదేనా?)

కాదమ్మా. రెండూ కలపొద్దు. నేను ఆ పొరపాటు చేయను, మీరూ చేయకండి. దామగుండంలో కట్టేది సబ్‌మెరైన్లకి సందేశాలు పంపే కేంద్రం. తిరునెల్వేలి దగ్గర ఇలాంటిది 1990 నుంచి ఉంది. అక్కడ విషపు డ్రమ్ములేం లేవు. 2024 అక్టోబరులో శంకుస్థాపన చేశారు, సుమారు 2,900 ఎకరాల అడవి ఇచ్చారు. అక్కడ ప్రశ్నలు వేరే. మూసీ పుట్టే కొండల ప్రాంతం అది. చెట్లు ఎన్ని పోతాయి, పశువుల మేత ఏమవుతుంది, గుడికి వెళ్లే దారి ఉంటుందా, వీటికి ఊరివాళ్లకి కాగితం మీద జవాబు ఇచ్చారా లేదా. దేశానికి నేవీ కావాలి. అందులో వాదన లేదు నాకు. కానీ రక్షణ శాఖ అనగానే మనం ప్రశ్న మానేస్తాం చూడండి, ఆ అలవాటు గురించే నా టెన్షన్. దానాంగ్‌లో కూడా ఎవరూ గేటు లోపల ఏముందని అడగలేదు, అడగనివ్వలేదు.

జార్ఖండ్‌లో నేతర్‌హాట్ అని ఉంది. అక్కడ సైన్యం ఫిరంగులు కాల్చి సాధన చేసే హద్దు కింద 245 ఊళ్లు వచ్చాయి. 1938 నాటి చట్టం అది, బ్రిటిష్‌వాళ్లు చేసింది. 1994 మార్చిలో ఆదివాసీలు, ఆడవాళ్లు ముందు నిలబడి సైన్యం బళ్లని వెనక్కి పంపారు. ఆ తర్వాత అక్కడ కాల్పులు జరగలేదు. కానీ ఆ నోటిఫికేషన్ ఇక పొడిగించం అని రాష్ట్ర ప్రభుత్వం చెప్పడానికి 2022 ఆగస్టు దాకా పట్టింది. ఇరవై ఎనిమిదేళ్లు. ప్రతి ఏడూ మార్చిలో వాళ్లు అదే చోట కలుస్తూనే ఉన్నారు, మరిచిపోకుండా. వాళ్లని చూసి నేర్చుకోవచ్చు మనం.

(ఒక విద్యార్థి: సార్, ఇప్పుడు అక్కడ చెట్లు మళ్లీ పెరిగాయా?)

పెరిగాయి బాబూ. ఇది అడిగినందుకు థాంక్స్, లేకపోతే మీరందరూ దిగులుగా ఇంటికెళ్లేవాళ్లు. కాన్ జో మడ అడవి చెప్పాను కదా. 1978 నుంచి, దక్షిణ కొసలో కా మావ్ అనే చోట బతికి ఉన్న పొన్న చెట్ల నుంచి ఆ ములక్కాడల్లాంటి మొలకల్ని పడవల్లో తెచ్చి, బురదలో మోకాళ్ల లోతున దిగి చేత్తో నాటారు. వరినాట్లు వేసినట్టే. ఇప్పుడది పెద్ద అడవి. 2000లో యునెస్కో దాన్ని జీవావరణ పరిరక్షణ కేంద్రంగా గుర్తించింది. మందు చల్లింది మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు. నాటింది ఇరవై ఏళ్లు.

కొండల్లో అంత సులువు కాలేదు, గడ్డి వల్ల. ఇంకా ఆ సో స్థావరం సంగతి. అక్కడ మట్టిలో విషం ఉందని తెలిశాక, జనాన్ని, పశువుల్ని అటు పోకుండా ఆపాలి. ముళ్ల తీగ వేస్తే పాత ఇనుముకి పీక్కుపోతారు, పేద ఊరు కదా. ఫుంగ్ తూ బోయ్ అని వియత్నాం అటవీ శాస్త్రవేత్త ఒక ఆలోచన చేశాడు. బో కెట్ అనే చెట్టు ఉంది. కాండం నిండా జానెడేసి ముళ్లు. గేదె కూడా దూరదు. దాని కాయలు అక్కడి ఆడవాళ్లు తల రుద్దుకోవడానికి వాడతారు, అచ్చం మన శీకాయలాగా. ఆ చెట్లతో స్థావరం చుట్టూ కంచె నాటించాడు. డయాక్సిన్ మట్టిని పట్టుకుని ఉంటుంది, వేరు గుండా కాయలోకి ఎక్కదు పెద్దగా. అందుకని కాయలు కోసి సంతలో అమ్ముకోవచ్చు. కంచె దాటి లోపలికి మేకని తోలకూడదన్నారు, లోపలి గుంటలో బాతుని వదలకూడదన్నారు. ఆ లోపలి గుంటలు కూడా బాంబులు పడి ఏర్పడ్డవే.